ఎర్రంకె లేనివాడే ఆరోగ్యవంతుడట!

దసరా తగ్గింపులు చీరల దుకాణాలకే పరిమితమా? రక్తపరీక్షల వాళ్లూ ఇస్తున్నారు. ఫుల్ బాడీ చెకప్, ఎనభై పరీక్షలు, సగం ధరకే; భార్యకు చేయిస్తే భర్తకు ఉచితం. మీరు పరగడుపున కూర్చుంటే చాలు, కుర్రాడు బండేసుకుని ఇంటికే వచ్చి నెత్తురు తీసుకెళ్తాడు. సాయంత్రానికల్లా వాట్సాప్‌లో పేజీలకు పేజీల రిపోర్టు, అందులో నాలుగైదు ఎర్రంకెలు. నిన్నటిదాకా మూడంతస్తులు చకచకా ఎక్కి, రెండు పూటలా సుష్టుగా తిని, పడుకోగానే గుర్రుపెట్టిన మనిషి ఆ రాత్రి నుంచి రోగి. గుర్రు కూడా ఆగిపోతుంది.

ఇంతకీ ఆ ఎర్రంకె పుట్టుక వినండి. చాలా పరీక్షలకు ‘నార్మల్’ హద్దు గీసేది ఆరోగ్యంగా ఉన్నవాళ్ల నెత్తురు చూసే. మధ్యలోని 95 శాతం మందిని లోపల ఉంచి, అటో రెండున్నర, ఇటో రెండున్నర శాతాన్ని బయటికి నెడతారు. అంటే నూరుగురు ఆరోగ్యవంతుల్లో ఐదుగురికి ఎర్రంకె ముందే రాసిపెట్టి ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని పరీక్షలు 20 చేస్తే, ఏ రోగమూ లేనివాడికి ఒక్కటైనా ఎర్రంకె వచ్చే అవకాశం 64 శాతం. 80 చేస్తే 98 దాటుతుంది. (ప్యాకేజీలో పరీక్షలు చాలావరకు ఒకదానికొకటి చుట్టాలే కనుక నిజానికి కాస్త తగ్గుతుంది. ఆ మాత్రం దయ ఉంది.) ఇంత గ్యారంటీ ఉన్న సరుకు ఇంకే దుకాణంలో దొరుకుతుంది?

నెత్తురు మారకపోయినా గీత జరగొచ్చు. పరగడుపు షుగర్ 110 దాటితేనే అనుమానించేవాళ్లు. 2003లో అమెరికా మధుమేహ సంఘం దాన్ని 100కు దించింది. 105 ఉన్నవాళ్లంతా ఒక్క లడ్డూ ఎక్కువ తినకుండానే ‘ప్రీడయాబెటిస్’ అయిపోయారు.

దక్షిణ కొరియావాళ్లు మనకంటే ముందే ఈ ముచ్చట తీర్చుకున్నారు. 1999లో అక్కడ ప్రభుత్వం క్యాన్సర్ పరీక్షలు మొదలుపెడితే, ఆసుపత్రులు కొసరుగా కొద్దిపాటి రుసుముకు మెడ స్కానింగు కూడా అంటగట్టాయి. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. ఆ క్యాన్సర్‌తో పోయేవాళ్ల లెక్క మాత్రం ఉన్నచోటే ఉంది. గ్రంథి తీయించుకున్న వేలమందికి మిగిలింది జీవితాంతం మాత్ర.

మరి ఆరోగ్యమంటే ఏమిటి? శారీరకంగా, మానసికంగా, సామాజికంగా సంపూర్ణ క్షేమమే ఆరోగ్యమని 1948 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ లెక్కన కుళాయి దగ్గర పక్కింటివాళ్లతో పేచీ ఉన్నవాళ్లూ రోగులే. పోనీలెండి, ఆ సంస్థ ప్యాకేజీ అమ్మలేదు.

‘ముందే చూసుకుంటే మంచిదేగా’ అంటారా? ఒంట్లో బాగానే ఉన్నవాళ్లకు ఇలా మూకుమ్మడి చెకప్‌లు చేస్తే ఆయుష్షు పెరుగుతుందా అని కాక్రేన్ సంస్థ పరిశోధనలన్నీ పోగేసి, రెండున్నర లక్షల మంది లెక్కలు చూసి 2019లో తేల్చింది: చావులు తగ్గలేదు.

బీపీ, షుగర్ సంగతి వేరు. అవి చెప్పాపెట్టకుండా పెరుగుతాయి, చూపించుకోవాల్సిందే. ముప్పై దాటినవాళ్లకు ఆ రెండూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూస్తారు. ముందు అక్కడికి వెళ్లండి. పూర్తిగా ఉచితం కనుక తగ్గింపు మాత్రం అడగకండి.