జిరాక్సు పెద్దాయన

మండలానికో మనిషి ఇలాంటివాడు ఉంటాడు. పెద్దపంజాణి తహశీల్దారు ఆఫీసు ముందరా ఉంటాడు. జేబులో రెండు పెన్నులు, చంకలో గుడ్డసంచి. సంచిలో ఎప్పుడో రద్దయిన చట్టం, దాని జిరాక్సు, ఆ జిరాక్సుకు మరో జిరాక్సు.

రెవెన్యూలో చేసి రిటైరైనవాడో, 1984లో ఎన్టీఆర్ కరణాలను తీసేసినప్పుడు ఉద్యోగం పోయినవాడి కొడుకో అయివుంటాడు. కరణీకం పోయింది గానీ అటకమీది పుస్తకాలు పోలేదు.

కొత్త పుస్తకమంటే ఆయనకు చులకన. "అంగట్లో దొరికేది ఎవడైనా కొంటాడబ్బా. అచ్చులో లేనిది ఉండాల ఇంట్లో!" 2024 జులై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత రాగానే వకీళ్లంతా కొత్తదానికి పరుగెత్తితే, ఈయన పాత ఐపీసీలు సగం ధరకు ఏరుకున్నాడు. నవ్వినవాళ్లకు ఆయనిచ్చే జవాబు న్యాయంగానే ఉంటుంది: ఆ తేదీకి ముందు చేసిన నేరానికి పాత చట్టమే. 420ని 318(4) అనడానికి ఆయనకు నోరు తిరగదు, అది వేరే సంగతి.

అసలు మోజు జిల్లా మాన్యువళ్ల మీద. ఈ ప్రాంతపు తిరకాసు కూడా అక్కడే ఉంది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు పుంగనూరు జమీందారీ, కుప్పం వైపు కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటులో ఉండేవి, మదనపల్లె కడపది. తాతల ఊరి చరిత్రకు 1881లో కాక్స్ రాసి, తర్వాత స్టువర్టు సవరించిన ఉత్తర ఆర్కాటు మాన్యువల్ తిరగెయ్యాలి. పెళ్లాం మదనపల్లె పిల్లయితే 1875 నాటి గ్రిబుల్ కడప మాన్యువల్ కూడా వెతకాలి. సంబంధాలు కలుపుకునేటప్పుడు ఈ ఖర్చు ఎవరూ లెక్కెయ్యరని ఆయన బాధ.

వీటిని మళ్లీ అచ్చువేయించాలని పట్టుదల. హక్కుల బెడద లేదు. రచయిత పోయి 60 ఏళ్లు దాటితే కాపీరైటు తీరిపోతుంది. ఢిల్లీ ప్రచురణకర్తలు బ్రౌను నిఘంటువును ఉన్నదున్నట్టు ఫొటో తీసి అచ్చేసి అమ్ముకోలేదా? ప్రెస్సతను అడిగేది ఒకటే: కుట్టు కోసేస్తే పేజీలు చదునుగా స్కానవుతాయి. "నా పానం ఉండగా కత్తి పెట్టనీను!" సరేనని పుస్తకాన్ని వంచే తీస్తారు. కుట్టువైపు మాటలు నల్లటి నీడలో మునిగిపోతాయి.

మిగతావి మాత్రం భేషుగ్గా పడతాయి: పురుగు తొలిచిన చిల్లులు, లైబ్రరీ ముద్ర, టీ మరక. ఆయన అచ్చేయించిన వాటిలో రెవెన్యూ బోర్డు స్టాండింగ్ ఆర్డర్లూ ఉన్నాయి. వాటిలో 15వది, భూముల దర్ఖాస్తులకు ఆధారమైనది, దాని పక్కన ఏ కాలపు గుమాస్తానో పెన్సిలుతో "చూడుము" అని రాశాడు. ఏది చూడాలో రాయలేదు. ఇప్పుడు అన్ని కాపీల్లోనూ "చూడుము" ఉంది. కొన్నవాళ్లు అదీ ఉత్తర్వే అనుకుంటున్నారు.

ఇంతా చేసి ఆయన్ను కొట్టిపారేయలేం. పాత ఎస్టేటు ఊరి భూమి తగాదా వచ్చిందంటే 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం దాకా పోవాల్సిందే. సచివాలయం సర్వేయరు కుర్రాడు సాయంత్రం మెల్లగా దిగుతాడు.

"సార్, రైతులకు పట్టాలిచ్చే 11వ సెక్షను మీకాడ ఉండాదంట?"

"ఉండాది. ఇంటికియ్యను నాయనా, ఈడే కూచోని చూసుకో."

కుర్రాడు సెల్లు తీస్తాడు. పెద్దాయన పేజీని బొటనవేలితో గట్టిగా అదిమి పట్టుకుంటాడు.

"సార్, ఫొటోలో మీ వేలు పడతా ఉండాది."

"పడనీలేబ్బా. అచ్చేసేటప్పుడు దాన్నీ ఎయ్యమను."