వాన వెలిశాక లంకకు

మా ఇంట్లో ఎక్కడికి వెళ్లాలో తేల్చేది మా ఆవిడ. ఎప్పుడు వెళ్లాలో తేల్చేది నేను. అందుకే మేం ఎక్కడికీ వెళ్లం.

ఈసారి ఆవిడ శ్రీలంక అంది. రోహిణి కార్తె నడుస్తోంది, బెజవాడలో రోళ్లు పగులుతున్నాయి. జూన్ 12న బళ్లు తెరిచేలోపు పిల్లల్ని ఓసారి తిప్పుకొద్దామని ఆవిడ ఆశ. "ఎండకి తాళలేక భూమధ్యరేఖ వైపు పారిపోయేవాణ్ణి ఎక్కడైనా చూశావా?" అన్నాను. ఎనిమిదో తరగతి పూర్తిచేసిన మావాడు ఫోన్ చూసి, "కొలంబోలో 31 డిగ్రీలు నాన్నా, మనకి 44" అన్నాడు. చుట్టూ సముద్రమున్న దీవికి మన వడగాలి బాధ ఉండదట. ఇక నువరా ఎలియా అయితే దాదాపు 1,870 మీటర్ల ఎత్తున ఉందట, మిట్టమధ్యాహ్నం కూడా ఇరవై, ఇరవైరెండు దగ్గరే ఆగుతుందట. నా తొలి అభ్యంతరం అలా సొంత కొడుకు చేతిలో పోయింది.

ఓడిపోతే ఒప్పుకునే రకం కాదు నేను, ఇంకో కారణం వెతుక్కునే రకం. నైరుతి రుతుపవనాలను రంగంలోకి దించాను. కేరళకు అవి మామూలుగా జూన్ 1కి వస్తాయి. లంకను అంతకంటే ముందే, మే రెండో సగంలోనే పలకరిస్తాయి. కొలంబో వైపు బాగా తడిసే నెలల్లో మే ఒకటి. 2016లోనూ, 2017లోనూ మే నెలలోనే అక్కడ వరదలొచ్చాయి, కొండచరియలు విరిగి ఊళ్ల మీద పడ్డాయి. ఆ రోజుల్లో కొండల మీదికి వెళ్లేవాళ్లు హెచ్చరికలు చూసుకునే బయల్దేరాలి. ఇంత మంచి మాట నేను జాగ్రత్త కోసం చెప్పానా, సోఫా కోసం చెప్పానా అంటే, సోఫాలో నేను కూర్చునేచోట పడిన గుంటని అడగండి.

ఫోన్‌లో కొలంబో వాతావరణం తెరిస్తే వారం పొడుగునా అదే మబ్బు, అదే మెరుపు, మూడేసి చినుకుల బొమ్మ. అర్ధరాత్రి దాకా ఆ బొమ్మలు చూసుకుంటూ కూర్చుంటాను. "ఎవరితో అంత చాటింగ్?" అంటుంది మా ఆవిడ. "బంగాళాఖాతంతో" అంటాను. ఆవిడ నిశ్చింతగా అటు తిరిగి నిద్రపోతుంది. ఇన్నేళ్ల కాపురంలో నేను సంపాదించుకున్న పరువు అది.

అసలు వాదన ఆవకాయ దగ్గర జరిగింది. మా ఇంట్లో మామిడి ముక్కలు తుడిచే పని నాది. జీడి తీసేసి, టెంకకి అంటుకున్న పల్చటి పొర గీకి, పొడిగుడ్డతో ఒక్కో ముక్కా ఒత్తి తుడవాలి. ఎక్కడ తడి మిగిలినా జాడీ అంతా బూజు పడుతుంది. తడిని అనుమానించడంలో నాకు అబ్బిన నైపుణ్యమంతా ఆ జాడీల చలవే. ఆవపిండి కొలుస్తున్న మా అమ్మ, "నువరా ఎలియా దగ్గర సీతా ఎలియా ఉందిటరా. సీతమ్మవారున్న అశోకవనం అదేనంటారు, చూడాలి" అంది.

"వానలమ్మా."

"హనుమంతుడు ఎండా వానా చూసుకుని ఎగిరాడట్రా?"

దొరికింది అనుకున్నాను. "హనుమంతుడి సంగతి సరే, రాముడి మాటేమిటి? వాలిని చంపాక, వానాకాలమని నాలుగు నెలలు ప్రస్రవణగిరి మీద ఆగాడా లేదా? భార్యని రాక్షసుడు ఎత్తుకుపోయినా సరే, వాన వెలిసేదాకా కదల్లేదు. సాక్షాత్తూ శ్రీరాముడే ఆగినచోట నేనెంత?"

మా ఆవిడ నూనె పోస్తూ, తలెత్తకుండానే అంది: "ఆ నాలుగు నెలలూ అయ్యాక కూడా ఇల్లు కదలనివాడు ఒకడున్నాడు. లక్ష్మణుడు విల్లు పట్టుకుని గుమ్మంలోకొస్తే తప్ప లేవలేదు. మీరు రాముడు కాదండీ, సుగ్రీవుడు."

ఆవపిండి కొలత తప్పుతుందని అమ్మ నవ్వు ఆపుకుంది. పిల్లలకి ఆ ఇబ్బంది లేదు.

ఆ సాయంత్రం ఆవిడ మావాడి అట్లాసు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. లంక మన ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా ఉండదు గానీ, నడుమ కొండలున్నాయి. వాటిలో ఎత్తైన పిదురుతలగల 2,524 మీటర్లు. నైరుతి గాలి తెచ్చిన తడంతా పడమటి వాలు మీద, కొలంబో, గాలే వైపు కుమ్మరించేసి, కొండ దాటేసరికి వట్టి పొడిగాలిగా మిగులుతుంది. అందుకే ఆ తీరం నానుతున్న రోజుల్లోనే తూర్పున ట్రింకోమలీ, నీలావెలిల్లో ఎండ కాస్తుంటుంది. ఏడాది చివర్లో ఈశాన్య గాలి మొదలయ్యాక తూర్పు తడుస్తుంది, పడమర ఆరుతుంది. ఈ రెండు కాలాల మధ్య నెలల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములతో జల్లులు. మొత్తం మీద, లంకంతా ఒక్కసారే పొడిగా ఉంటుందని ధీమాగా చెప్పగలిగిన నెల ఏడాదిలో లేదు.

"మీరు ఎదురుచూస్తున్న నెల క్యాలెండర్లోనే లేదండీ" అంది.

ఆ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసే ఎదురుచూస్తున్నాను.

ట్రింకోమలీ పేరు వినగానే అమ్మ సీతా ఎలియాని మరోసారికి వాయిదా వేసేసింది. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదైన శాంకరీదేవిది ఆ ఊరే కదా. మనవైపున్న నాలుగూ, శ్రీశైలం, అలంపురం, పిఠాపురం, ద్రాక్షారామం, అమ్మ ఎప్పుడో చూసొచ్చింది. వరసలో మొదటిది మాత్రం సముద్రం అవతల ఉండిపోయిందని ఆవిడ బెంగ.

"తూర్పు వైపంటే మరి ఎండ కదే?" అన్నాను నెమ్మదిగా.

ఇల్లంతా నా వైపు చూసింది. వాన పడితే వాన అనేవాడు, పడకపోతే ఎండ అనేవాడు అయిదు నిమిషాల తేడాలో ఒకే కుర్చీలో కనపడితే చూడరూ? పిదురుతలగల దాకా వెనక్కి తగ్గాను. "సరే, వెళ్దాం. కానీ ఒక్కటి తేలాలి. విమానంలోంచి రామసేతు కనపడాలంటే కుడి కిటికీ తీసుకోవాలా, ఎడమ కిటికీనా? నేను కాస్త చూసి చెప్తాను, అప్పుడు టికెట్లు తీద్దాం."

మా ఆవిడ ఫోన్ నా వైపు తిప్పింది. టికెట్లు అప్పటికే వచ్చేసి ఉన్నాయి. ఒక కిటికీ అమ్మకి, ఇంకో కిటికీ మావాడికి. నాకు మధ్య సీటు.