క్యారేజీలో అడుగు గిన్నెను నేను

నేను స్టీలు క్యారేజీలో అడుగున ఉండే గిన్నెను. నా మీద పప్పు గిన్నె, దాని మీద కూర గిన్నె, అన్నిటికంటే పైన పెరుగు గిన్నె. నలుగురిలో పెద్దదాన్ని నేనే, అన్నం పట్టేదాన్నీ నేనే. విశాఖపట్నంలో బతికాను కాబట్టి గాజువాక అవతల ఉక్కు కర్మాగారంలోనే పుట్టానని చాలామంది అనుకుంటారు. కాదు, అక్కడ తయారయ్యేవి ఇళ్ళ స్లాబుల్లోకి పోయే కడ్డీలు, వైరు రాడ్లు, యాంగిళ్ళు. నాది క్రోమియం కలిపిన తుప్పు పట్టని స్టీలు. రేకును గుండ్రంగా కోసి, అచ్చులో నొక్కి, మెరుగుపెట్టి అంగడికి పంపారు. నా పుట్టుక గురించి అంతకు మించి చెప్పడానికేం లేదు. చేసిన పని గురించి మాత్రం చెప్పుకోవాలి. ఆ ఉక్కు కర్మాగారం 1966లో ఊళ్ళకు ఊళ్ళు లేచి పోరాడి సాధించుకున్నది. 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైంది. అందులో మూడు షిఫ్టుల మనుషుల ఆకలికీ జవాబు చెప్పినది మా జాతి. అక్కడి మూడో బ్లాస్ట్ ఫర్నేస్ పేరు అన్నపూర్ణ. ఆ పేరులో నా వాటా కూడా కొంత ఉందనుకుంటాను. అలాంటి నన్ను షుగర్ పేరు చెప్పి, కొవ్వు పేరు చెప్పి, లో కార్బ్ పేరు చెప్పి అటకెక్కించారు. అన్నం తగ్గించినందుకు నాకు కోపం లేదు. తగ్గించిన మనిషిని పంక్తిలోంచి లేపేసినందుకే నా కోపం. పిండి పదార్థం తగ్గించే ఈ లో కార్బ్ తిండి పదికాలాలు నిలవాలంటే మానేయాల్సినవాటి జాబితా చాలదు, రోజూ పంచుకునే కూరా, పక్కనున్నవాళ్ళ మంచిమాటా కావాలన్నది నా వాదన.

ముందు నా మీదున్న అభియోగం నేనే చదువుతాను. వండిన తెల్లన్నం వంద గ్రాముల్లో పిండి పదార్థం సుమారు 28 గ్రాములు. నన్ను అంచుదాకా అదిమి నింపితే నాలుగు వందల గ్రాముల అన్నం పడుతుందనుకుందాం. దాదాపు 110 గ్రాముల పిండి ఒక్క పూటలో, ఒక్క నాలోంచే కడుపులోకి పోయిందన్నమాట. రోజు మొత్తానికి 130 గ్రాముల లోపు ఉంటే లో కార్బ్ అని వైద్యులు సాధారణంగా లెక్క వేస్తారు. పొద్దుటి ఇడ్లీలు, మధ్యలో పంచదార టీలు, రాత్రి మళ్ళీ అన్నం కలిపితే ఆ గీత ఎక్కడో వెనకబడిపోతుంది. భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగిన ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో ఉన్నారు. అదే సర్వే వివరాలతో 2025లో వెలువడిన పరిశోధన మన తిండిలోని శక్తిలో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోందని చెప్పింది. బియ్యం మాని గోధుమలకో, చిరుధాన్యాలకో మారినా మొత్తం పిండి తగ్గకపోతే ముప్పు తగ్గినట్టు కనబడలేదనీ చెప్పింది. చోడి అంబలి తాగుతున్నాం కాబట్టి నిశ్చింత అనుకునేవాళ్ళు ఈ మాట వినాలి. నేరం ఒప్పుకుంటాను. శిక్ష ఎంత అన్నదగ్గరే నాకు పేచీ. 2022లో అదే సర్వే బృందం 18,090 మంది వివరాలు తీసుకుని, షుగర్ వెనక్కి మళ్ళాలంటే శక్తిలో పిండి వాటా 49 నుంచి 54 శాతానికి దిగాలనీ, మాంసకృత్తులు 19, 20 శాతానికి చేరాలనీ లెక్కగట్టింది. ఆ లెక్కన నాకు పడాల్సింది జీతంలో కోతే గాని ఉద్యోగం ఊడడం కాదు.

మన వీధుల్లో జరిగింది వేరు. 2017, 18 ప్రాంతాల వీరమాచనేని రామకృష్ణ చెప్పిన ఆహార పద్ధతి తెలుగునాట ఊరూరా పాకింది. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు, అన్నానికి పూర్తిగా సెలవు. సభలు జరిగాయి, వీడియోలు ఇల్లిల్లూ తిరిగాయి, చాలామంది వైద్యులు బాహాటంగా అభ్యంతరం చెప్పారు. ఆ వాదోపవాదాల్లో నా గోడు ఎవరికీ పట్టలేదు. మొదట నన్నొక్కదాన్నే తీసి పక్కన పెట్టారు. క్యారేజీ కట్టడం తెలిసినవాళ్ళకు తర్వాతేమైందో చెప్పనక్కర్లేదు. నాలుగు గిన్నెల ఎత్తుకు కొలిచి బిగించిన పట్టీ అది. అడుగు గిన్నె లేకపోతే పైన కొక్కెం పడదు, గిన్నెలు లొడలొడలాడతాయి, పులుసు కారుతుంది. దాంతో పప్పు గిన్నే, కూర గిన్నే, పెరుగు గిన్నే నా వెంటే అటకెక్కాయి. మా బదులు ఒక ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. అందులో నాలుగు ఉడికిన గుడ్లో, పనీరు ముక్కలో పెట్టుకుని, పదిమంది కూర్చున్న బల్ల దగ్గర కాకుండా ఓ మూల ఫోను చూసుకుంటూ తినడం మొదలైంది. నా పొట్ట మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి, కింద గృహప్రవేశం తేదీ వేయించి, బంధువుల చేతుల్లో పెట్టిన రోజున నాకెంత మర్యాదో! ఇప్పుడు మొలలు, పాత తాళంచెవులు, పనికిరాని బ్యాటరీలు నాలో దొర్లుతున్నాయి. సముద్రపు గాలికి ఇంట్లో ఇనప సామానంతా తుప్పు పట్టింది, నేను మాత్రం పట్టలేదు. పోదామన్నా పోనివ్వని జన్మ నాది. చిత్రమేమిటంటే, నన్ను వెలేసినవాళ్ళలో చాలామంది మళ్ళీ అన్నం దగ్గరికే వచ్చారు, అదీ మునుపటికంటే పెద్ద గిన్నెతో.

ఎందుకు వచ్చారు? మనసు గట్టిది కాదని తేల్చేయడం తేలిక. ఆధారాలు వేరే దారి చూపిస్తున్నాయి. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని రెండుగా విడదీసి, సగం మందికి పిండి తగ్గించిన తిండి, సగం మందికి కొవ్వు తగ్గించిన తిండి ఏడాది పాటు అలవాటు చేయించింది. 2018లో ఫలితం ప్రకటించారు. మొదటివాళ్ళు సగటున 6 కిలోలు, రెండోవాళ్ళు 5.3 కిలోలు తగ్గారు, చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు జట్లకూ ఉమ్మడిగా ఉన్నది నలుగురూ కూర్చుని పోషకాహార నిపుణులతో మాట్లాడుకునే 22 తరగతులు. అంతకుముందే 1999లో రీనా వింగ్, రాబర్ట్ జెఫ్రీ అనే అమెరికా పరిశోధకులు తోడు సంగతి సూటిగా పరీక్షించారు. ఒంటరిగా చేరి మామూలు శిక్షణ పొందినవాళ్ళలో చివరిదాకా నిలిచినవాళ్ళు 76 శాతం, తగ్గిన బరువును ఆ తర్వాత నెలల్లో పూర్తిగా నిలబెట్టుకున్నవాళ్ళు 24 శాతం. స్నేహితులతోనో ఇంటివాళ్ళతోనో చేరి, ఒకరికొకరు ఆసరాగా ఉండే శిక్షణ కూడా పొందినవాళ్ళలో ఆ అంకెలు 95, 66. తోడు తెచ్చుకోగలిగినవాళ్ళు మొదటినుంచీ పట్టుదల గలవాళ్ళేమో అని అడగొచ్చు. ఆ సందేహంలో న్యాయం ఉంది, తేడా అంతా తోడు వల్లనే అని నేనూ అనను. కానీ అంత తేడాను ఒట్టి పట్టుదల ఖాతాలో రాసేయడమూ కుదరదు. అసలు ఈ తిండి లోకానికి తెలిసిందే పంచుకోవడం వల్ల. 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ రొట్టె, చక్కెర, బీరు, బంగాళాదుంప తగ్గించి సన్నబడి, తాను ఏ పూట ఏం తిన్నాడో రాసి, సొంత డబ్బుతో అచ్చు వేయించి ఊరికే పంచిపెట్టాడు. జనానికి నచ్చింది అతని సిద్ధాంతం కంటే ఆ పూటపూటా భోజనం వివరమే అనుకుంటాను.

పంచుకోవడానికి విశాఖలో ఏముందంటే, చాలా ఉంది. ఫిషింగ్ హార్బర్‌లో పొద్దున్నే దిగే చేపల్లో పిండి పదార్థమే లేదు. వంజరం, చందువా కొనలేకపోతే కానాగంతలు, కవళ్ళు ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజులూ ఎండు నెత్తళ్ళు, గుడ్లు ఆదుకుంటాయి. రైతుబజారులో ఆనపకాయ, బెండకాయ, వంకాయ, తోటకూర, గోంగూర దొరుకుతాయి. ఆనపకాయ వంద గ్రాముల్లో పిండి మూడు, నాలుగు గ్రాములకు మించదు. అయితే మన వంటలో రెండు చోట్ల జాగ్రత్తపడాలి. పులుసులో వేసే అనకాపల్లి బెల్లం ముక్క కంటికి కనబడదు గాని లెక్కలోకి వస్తుంది. కందిపప్పు మాంసకృత్తులకు మంచిదే, కానీ అందులో సగానికి పైగా పిండే. ఇవి తెలిసిన ఇల్లాలికో, వంట చేసే ఇంటాయనకో రెండు పొయ్యిలు అక్కర్లేదు, ఒకే కూర ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. చేయాల్సిందల్లా గిన్నెలు మార్చడం. పెద్దదాన్ని నేను, నాలో కూర పెట్టండి. చిన్నదైన పెరుగు గిన్నెలో నూట యాభై గ్రాముల అన్నం పెట్టండి, 42 గ్రాముల పిండితో సరిపోతుంది. పెరుగు కూర గిన్నెకు మారుతుంది. నాలుగు గిన్నెలూ ఉంటాయి, కొక్కెం పడుతుంది. బల్ల మీద మూత తీయగానే నలుగురికీ వడ్డించేంత కూర ఉంటుంది కాబట్టి ఇచ్చిపుచ్చుకోవడమూ ఆగదు.

ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళకు ఇదెలా కుదురుతుందని ఒక ఆక్షేపణ. కొలిమి ముందు నిలబడేవాడికీ, ఓడరేవులో బరువులెత్తేవాడికీ బల్ల దగ్గర కూర్చునేవాడి కొలత పనికిరాదు, నిజమే. అందుకే ఒకరి కొలత మరొకరికి అంటగట్టకూడదు. పిండి బాగా తగ్గించిన మొదటి రోజుల్లో ఒంట్లో నీరూ ఉప్పూ ఎక్కువగా పోతాయి, వేడిలో పనిచేస్తే ఇంకా పోతాయి. నీరసం వచ్చినప్పుడు అన్నం లేకపోవడం వల్లే అని బెదిరిపోయి మానేస్తారు. ఈ సంగతి ముందే చెప్పి ఉప్పు వేసిన మజ్జిగ గ్లాసు చేతికిచ్చే తోటివాడు ఉంటే ఆ గండం గడుస్తుంది. బీపీ ఉంటే ఉప్పు సంగతి డాక్టరునే అడగాలి. ఖర్చు ఎక్కువన్నది మరో ఆక్షేపణ. బాదంపప్పులూ, చీజూ, ఆలివ్ నూనే లేనిదే ఈ తిండి లేదనుకుంటే ఖర్చే. గుడ్డు, వేరుశనగ, కవళ్ళు, పెరుగు, ఆకుకూర అనుకుంటే కాదు. పైగా నలుగురు తలో కూర తెచ్చి పంచుకుంటే ఒక్కడే నాలుగు రకాలు వండుకునే బాధ తప్పుతుంది.

అన్నిటికంటే బలమైన ఆక్షేపణ ఒకటుంది. నలుగురు చేరిన చోట ధైర్యంతో పాటు పిచ్చి సలహాలు కూడా పంచుకుంటారు కదా? పంచుకుంటారు. నాకు తగ్గింది, నువ్వూ మాత్ర మానెయ్ అనే మాట ప్రోత్సాహం కాదు, ప్రమాదం. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళూ, కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళూ మోతాదు సరిచేసుకోకుండా అన్నం తగ్గిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మందుల మీద ఉండి పిండి పూర్తిగా మానేస్తే రక్తంలో ఆమ్లం పెరిగే ముప్పు ఉంది. అప్పుడు చక్కెర మామూలుగానే కనబడవచ్చు, అందుకే గుర్తుపట్టడం కష్టం. ఇటు శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం ఉంది, అక్కడి కిడ్నీ జబ్బు కుటుంబాలు విశాఖలోనూ ఉన్నాయి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళు ఎవరో చెప్పారని చేపలూ గుడ్లూ పెంచేయకూడదు. గర్భిణులూ ఎవరో చెప్పారని తిండి మార్చేసుకోకూడదు. కాబట్టి హద్దు తేటగా గీసుకోవాలి. కూర పంచుకోవచ్చు, వండే తీరు పంచుకోవచ్చు, ఓపిక పంచుకోవచ్చు. మందుల చీటీ మాత్రం పంచుకునేది కాదు.

ఇదంతా నా బతుకుతెరువు కోసం చెబుతున్నానని మీకు అనిపించవచ్చు. అన్నం గిన్నె అన్నం వైపు మాట్లాడక ఇంకేం మాట్లాడుతుంది? కానీ నాలో అన్నమే పెట్టమని నేనడగలేదు, నన్ను ఖాళీగా ఉంచొద్దన్నాను. మీ ఇళ్ళలో ప్రేమకు ఒకటే దారి, ఇంకాస్త వడ్డించడం. అది చెడ్డదేం కాదు. వడ్డించేది మార్చుకుంటే చాలు. ఒక్క ముద్దకేమవుతుందని బలవంతం చేసేవాడూ, అన్నం ముట్టావా అని కాపలా కాసేవాడూ ఇద్దరూ ఒకే నష్టం చేస్తారు, తినేవాణ్ణి బల్ల దగ్గర్నుంచి లేపేస్తారు. పెళ్ళి భోజనంలో మాడుగుల హల్వా ముక్క తిన్నందుకు మర్నాడు దెప్పక్కర్లేదు. మర్నాటి క్యారేజీలో ఏం పెడదామని అడిగితే చాలు. మీ పక్కన కూర్చునేవాళ్ళలో ఎవరైనా అన్నం తగ్గించుకుంటుంటే అదేం తిండని అడగకండి. మీ గిన్నెలోంచి ఓ గరిటె కూర వాళ్ళకు వేసి, మీ అన్నంలోనూ ఓ గరిటెడు తగ్గించి చూడండి.