చక్రాల మీది తాతగారు

అమెరికాలో రిటైరయ్యాక కాలికి బలపం కట్టుకుని తిరిగే దంపతులది ఒక ప్రత్యేకమైన తెగ. అరవై దాటగానే ఇల్లు అమ్మేస్తారు. ముప్ఫై ఏళ్ళ సామానులో సగం గరాజ్ సేల్‌లో పోతుంది, అమ్మడానికి మనసొప్పని మిగతా సగం పిల్లల బేస్‌మెంట్లలోకి చేరుతుంది. ఆ డబ్బుతో నలభై అడుగులకు కాస్త తక్కువగా ఉండే మోటార్ హోమ్ కొంటారు. మంచం, పొయ్యి, షవరు, సోఫా, టీవీ అన్నీ అందులోనే. పాలూ బ్రెడ్డూ తెచ్చుకోవడానికి అంత బండిని బజారుకు తిప్పలేరు కనక వెనకాల ఒక చిన్న కారును లాక్కుపోతారు. బండి పక్కన అమెరికా పటం అతికించి, ఒక్క రాత్రైనా నిద్రచేసిన ప్రతి రాష్ట్రానికీ ఒక రంగు ముక్క అంటిస్తారు. పిల్లల వారసత్వాన్ని ఖర్చుపెడుతున్నామని కొందరి బంపరు మీద బాహాటంగా రాసి ఉంటుంది. ఈ తెగ పెద్దమనిషిని ఇవాళ ఏ వారమని అడిగితే తెలియదంటాడు. తెలియకపోవడమే జన్మంతా కష్టపడినందుకు ఫలమన్నట్టు నవ్వుతాడు. ఆ నవ్వును నమ్మకూడదన్నదే నా వాదన. తేదీలకు ఇంతగా కట్టుబడి బతికే రిటైరీ ఆ దేశంలో మరొకడు ఉండడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక్క మేనేజరుకు సంజాయిషీ ఇచ్చుకునేవాడు, ఇప్పుడు ముగ్గురు పిల్లలకూ అయిదుగురు మనవలకూ తొంభై దాటిన అత్తగారికీ ఇచ్చుకుంటున్నాడు.

రుజువు కావాలంటే ఆయన ఏడాది ప్రయాణాన్ని పటం మీద గీసి చూడాలి. చలికాలమంతా అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ పక్కన ఎడారిలో మకాం. అక్కడి ప్రభుత్వ భూముల్లో దీర్ఘకాలం ఉండేందుకు ఇచ్చే అనుమతి సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు చెల్లుతుంది. ఎండలు ముదరగానే ఉత్తరానికి బయలుదేరతాడు. పైకి చూస్తే ఇది వాతావరణాన్ని బట్టి వేసుకున్న దారి. కాస్త దగ్గరగా చూస్తే మే నెలలో అట్లాంటాలో మనవరాలి గ్రాడ్యుయేషన్, జూన్‌లో డెన్వర్‌లో మేనల్లుడి పెళ్ళి, ఆగస్టులో సియాటిల్‌లో కూతురి పురుడు, నవంబరు నాలుగో గురువారం కొలంబస్‌లో పెద్దకొడుకు ఇంట థాంక్స్‌గివింగ్ విందు కనిపిస్తాయి. యెల్లోస్టోన్ చూశాడంటే, డెన్వర్‌కూ సియాటిల్‌కూ నడుమ అది కాస్త దారి మళ్ళితే తగిలింది గనకే చూశాడు. పైగా పేరున్న ఫెడరల్ క్యాంపుగ్రౌండ్లలో చాలావాటికి బుకింగు ఆరు నెలల ముందు తెరుస్తారు, మంచి చోట్లు నిమిషాల్లో అయిపోతాయి. అంటే ఆగస్టు పురుటికి దగ్గర్లో మకాం కావాలంటే ఫిబ్రవరిలోనే తేదీ తేల్చుకోవాలి. పుట్టబోయే బిడ్డకు ఈ నిబంధన తెలియదు. వారం ఆలస్యంగా పుడితే ఒక బుకింగు రద్దవుతుంది, దాని వెనకున్న మూడూ ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి జరుగుతాయి. అరవై రెండు నిండినవాళ్ళకు 80 డాలర్లకు జీవితాంతం చెల్లే నేషనల్ పార్కుల పాసు ఉంది. దానితో చాలా క్యాంపుగ్రౌండ్లలో అద్దె సగమే. ఆ మిగిలిన సగం రద్దు రుసుముల కింద పోతుంది.

ఇల్లున్నవాడికి ఉండే గొప్ప సౌకర్యం ఒకటి ఈయన తెలియక అమ్ముకున్నాడు. అది సాకు. పైపులు పగిలాయి, గడ్డి కోయించాలి, కుక్కను చూసేవాళ్ళు లేరు అంటూ మామూలు తాత పెళ్ళిళ్ళు ఎగ్గొట్టగలడు. ఇంటినే వెంటబెట్టుకు తిరిగేవాడు ఏమని తప్పించుకుంటాడు? కుక్క కూడా బండిలోనే ఉందాయె. “మీకేం పనులుంటాయి డాడ్, బండి ఇటు తిప్పండి, అంతేగా” అంటుంది కూతురు. ఆ “అంతేగా” వెనక రెండు వారాల డ్రైవింగు, గాలనుకు ఏడెనిమిది మైళ్ళకు మించి ఇవ్వని ఇంజనూ ఉన్నాయి. తీరా వెళ్ళాక బండి ఎక్కడ పెట్టాలన్నది పెద్ద సమస్య. కొడుకు ఇంటి ముందు ఊరికే మకాం వేయడాన్ని మోటార్ హోమ్‌ల వాళ్ళు ‘మూచ్‌డాకింగ్’ అని ముద్దుగా పిలుచుకుంటారు. కానీ పెద్దకొడుకు ఉండే కాలనీలో ఇంటి యజమానుల సంఘం ఉంటుంది, ఇళ్ళ ముందు పెద్ద బళ్ళు రాత్రిళ్ళు నిలపరాదని దానికో నిబంధన ఉంటుంది, ఆ నిబంధనను కంఠతా పట్టిన పొరుగాయన ఒకడు తప్పకుండా ఉంటాడు. ఆయన కన్నుగప్పి నిలిపినా కరెంటు దగ్గర చిక్కు. బండి యాభై ఆంపియర్లు అడుగుతుంది, గరాజ్ గోడ ప్లగ్గు పదిహేనో ఇరవయ్యో ఇస్తుంది. తాతగారు హీటరు వేసుకుని ఉన్నప్పుడు బామ్మగారు కాఫీకని మైక్రోవేవ్ నొక్కితే కొడుకు గరాజ్ చీకటైపోతుంది. థాంక్స్‌గివింగ్ నాటికి కొలంబస్ ఉన్న ఒహాయోలో నీళ్ళు గడ్డకట్టే చలి మొదలవుతుంది కనక బండి గొట్టాల్లో గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోసి ఉంచాలి. అది పోశాక కుళాయి తిప్పడానికి లేదు. అప్పుడు ఆ సొంత ఇంట్లో మిగిలేది మంచం ఒక్కటే. స్నానానికి తువ్వాలు భుజాన వేసుకుని కోడలి గుమ్మంలో నిలబడతాడు, పదిమందిలో ఒకడిగా వరసలో.

చెప్పి వచ్చేవాటి సంగతి ఇది. చెప్పకుండా వచ్చేవాటి దగ్గర చక్రాలు పూర్తిగా చేతులెత్తేస్తాయి. జనవరిలో ఒకరాత్రి కొలంబస్‌లో పెద్దకొడుక్కి గుండె ఆపరేషన్ అని ఫోన్ వచ్చిందనుకుందాం. క్వార్ట్‌జ్‌సైట్ నుంచి అది దాదాపు 2,000 మైళ్ళు. ఈ తెగవాళ్ళకు మూడు మూళ్ళ సూత్రం అని ఒకటుంది: రోజుకు 300 మైళ్ళు దాటకూడదు, మధ్యాహ్నం మూడింటికల్లా మకాం చేరాలి, చేరిన చోట మూడు రాత్రులుండాలి. ఈ లెక్కన తాతగారు పంతొమ్మిదో రోజుకు చేరతాడు. అప్పటికి కొడుకు ఇంటికొచ్చి వాకింగ్ మొదలుపెట్టి ఉంటాడు. సూత్రం గట్టున పెట్టి రోజూ బండి తోలినా వారం, దారిలో మంచు తుఫాను లేకపోతేనే. అందుకని తెలివైనవాళ్ళు చేసే పని ఒక్కటే. బండిని అక్కడే వదిలి, తాళమూ కుక్కనూ పక్క బండివాళ్ళకు అప్పగించి, చిన్న కారులో 130 మైళ్ళ దూరంలోని ఫీనిక్స్ విమానాశ్రయానికి పరుగెత్తుతారు. ఎక్కడికైనా ఇంటితో సహా వెళ్ళగలనని చెప్పుకునే మనిషి, అందరికంటే త్వరగా వెళ్ళాల్సిన రోజున ఇల్లు వదిలి, ఒక చేతిసంచీతో విమానం ఎక్కుతాడు. ఈ తెగలో అనుభవం పండినవాళ్ళను గుర్తుపట్టడం కష్టం కాదు. కొత్త చోట దిగగానే సూర్యాస్తమయం ఎటు కనిపిస్తుందని కొత్తవాడు అడుగుతాడు, విమానాశ్రయం ఎంతదూరమని పాతవాడు అడుగుతాడు.

ఇంత చేటు ఉంటే ఒకచోట కుదురుగా ఉండొచ్చు కదా, పిల్లల్ని వదిలి ఊరేగడం స్వార్థం కాదా అని అడిగేవాళ్ళున్నారు. బంపరు మీది రాత కూడా వాళ్ళకే సాక్ష్యం చెబుతుంది. కానీ ఎవరు ఎవరిని వదిలారన్నది ముందు తేలాలి. పిల్లలు చదువుల కోసమూ ఉద్యోగాల కోసమూ సియాటిల్, అట్లాంటా, కొలంబస్ చేరుకున్నాకే ఈయన ఇల్లు అమ్మాడు. పాత ఇంట్లోనే కూచుని ఉంటే ముగ్గురికీ సమానంగా దూరమయ్యేవాడు, కుదురుగా ఉన్నాడన్న పేరొక్కటే మిగిలేది. మరి విమానంలోనే తిరగొచ్చు కదా అనేవాళ్ళది ఇంకాస్త గట్టి ప్రశ్న. లెక్క వేస్తే టికెట్లు చవక. కానీ విమానంలో వచ్చినవాడు అతిథి, మూడో రోజుకు మొగమాటం మొదలవుతుంది. బండిలో వచ్చినవాడు నెల రోజులున్నా రాత్రి పదింటికి తన గూటికి తాను పోతాడు. అమెరికాలోని తెలుగు ఇళ్ళలో ఈ తేడా బాగా తెలుసు. కూతురి పురుటికి హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో విమానమెక్కి, విజిటర్ వీసా మీద సాధారణంగా దొరికే ఆరు నెలల గడువుతో దిగే మన అమ్మమ్మ తాతయ్యలది కూడా తేదీల బతుకే. అయితే అలిగితే వెళ్ళి కూచోవడానికి వాళ్ళకు వాకిట్లో సొంత గది లేదు. మోటార్ హోమ్‌కు లక్ష డాలర్లు పైన పోసినవాడు నిజానికి కొన్నది ఆ గదినే. దాని కింద చక్రాలున్నాయని మనం దాన్ని స్వేచ్ఛ అనుకుంటున్నాం.

అలాంటి జబ్బు కబురు తన గురించే వచ్చే రోజు గురించి ఈ తెగ పెద్దగా మాట్లాడదు, కాగితాలు మాత్రం సిద్ధం చేసుకుంటుంది. మామూలు మెడికేర్ (వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉన్నవాడికి దేశంలో మెడికేర్ తీసుకునే ఏ డాక్టరైనా పనికొస్తాడు. చవకగా ఉందని మెడికేర్‌లోనే ప్రైవేటు కంపెనీలిచ్చే అడ్వాంటేజ్ ప్లాను తీసుకున్నవాడు అత్యవసరమైతే తప్ప చాలావరకు తన ఊరి డాక్టర్ల జాబితా దాటలేడు. ఊరే లేనివాడికి అదొక వింత ఇరకాటం. ఊరు కావాలి గనకే కొందరు సౌత్ డకోటాలో ఒక్క రాత్రి బస చేసిన రశీదుతో అక్కడివాళ్ళైపోయారు, మరికొందరు టెక్సస్‌లోని లివింగ్‌స్టన్ చిరునామా పెట్టుకున్నారు. 1978లో జో, కే పీటర్సన్ దంపతులు మొదలుపెట్టిన ఎస్కేపీస్ అనే ఈ తెగవాళ్ళ క్లబ్బు అక్కడే ఉంది, సభ్యులు ఎక్కడుంటే అక్కడికి వాళ్ళ ఉత్తరాలు పంపుతుంది. డ్రైవింగు చేయలేని స్థితి వచ్చిన సభ్యుల కోసం అక్కడే ఒక ఏర్పాటూ ఉంది. బండి నిలిపేసి, ఆ బండిలోనే ఉంటూ, వేళకు భోజనమూ డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి వాహనమూ పొందొచ్చు. అక్కడికి చేరాక ప్రయాణాల వంతు పిల్లలది. వాళ్ళకు ఇళ్ళున్నాయి, పైపులున్నాయి, గడ్డి ఉంది, సెలవులు లేవు. తాతగారు మాత్రం తొణకడు. ఎప్పుడైనా రండి, ఎన్నాళ్ళైనా ఉండండి అని ఫోన్ చేస్తాడు. ఏ తేదీకి వస్తారో ఆరు నెలల ముందు చెప్పమంటాడు, మధ్యాహ్నం మూడు దాటకుండా దిగమంటాడు.