సాంబారు బెల్లం నియంత్రణాధికారి గారికి బహిరంగ లేఖ

శ్రీయుత సాంబారు బెల్లం నియంత్రణాధికారి గారి సముఖమునకు,
బెంగళూరు మహానగరం.

విషయం: చచ్చుబడిన నాలుకకు తక్షణ సాయం కోరుతూ అర్జీ.

అయ్యా,

తమరి కార్యాలయం ఇంకా వెలియలేదని తెలుసు. వెలిసిన రోజున బయట క్యూ మడివాళ నుంచి మారతహళ్లి దాకా సాగుతుంది కాబట్టి నా అర్జీ ముందే పడేస్తున్నాను. నాది అనంతపురం, ఉద్యోగం ఈ ఊళ్లో. ఇక్కడ మావాళ్లు ఎంతమందో తెలియాలంటే జనాభా లెక్కలు అక్కర్లేదు. సాయంత్రం మారతహళ్లి వంతెన దగ్గర నిలబడి "ఏమప్పా!" అని ఒక్క కేక వేసి చూడండి.

ట్రాఫిక్ గురించి ఫిర్యాదు కాదిది. సిల్క్ బోర్డు దగ్గర బస్సులో నిద్రపోయి, లేచి, ఇంకా సిల్క్ బోర్డు దగ్గరే ఉండటం అలవాటైపోయింది. ఈజీపుర ఫ్లైఓవర్ పని 2017లో మొదలై, ఏళ్ల తరబడి స్తంభాలుగానే నిలబడితే, ఆ స్తంభాలనే అడ్రసు గుర్తులుగా చెప్పుకొని బతికాం. మీటరు వేయమంటే ఆటో ఆయన ఆకాశం వైపు చూసినా ఊరుకున్నాం. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండి ట్యాంకరు కోసం బిందెలతో నిలబడాల్సి వచ్చినప్పుడైతే, అపార్టుమెంటులో మిగతావాళ్లకు ధైర్యం చెప్పింది మా అనంతపురం వాళ్లమే. నీటి కరువులో మాకున్న అనుభవం అలాంటిది.

ఇంత ఓర్చుకునేవాడికి ఆశ ఒక్కటే. రాత్రి ఇల్లు చేరాక కంచంలో నాలుకకు తెలిసిన రుచి ఒక్కటైనా ఉండాలి. అది దొరికిన రోజు సిల్క్ బోర్డును కూడా క్షమించేస్తాం. దొరకని రోజు లిఫ్టు రెండు నిమిషాలు ఆలస్యమైనా కళ్లనీళ్లు తిరుగుతాయి. అందుకే ఫ్లైఓవర్ల అధికారికి రాయకుండా తమకు రాస్తున్నాను.

ముందు సాంబారు. ఉడుపి వంటకు దాని ధర్మం దానికుంది. ఉల్లీ వెల్లుల్లీ తగలని మఠం వంట అది. అందులో పులుపూ కారమూ కొట్టుకోకుండా బెల్లం మధ్యవర్తిత్వం చేస్తుంది. ఉడుపి హోటల్లో ఆ సాంబారు పోస్తే కళ్లకద్దుకొని తాగుతాను. "ఆంధ్రా మీల్స్" అని బోర్డు రాసి, తెలుగు పాటలు పెట్టి, అరిటాకు వేసి, ఆ ఆకులోనూ అదే బెల్లం పోస్తేనే ఒళ్లు మండుతుంది. ఆకులో మండాల్సింది ఒంట్లో మండుతోందన్నమాట.

కూరల్లో మోసం కంటితో మొదలవుతుంది. హావేరి జిల్లా బ్యాడగి మిరపకాయకు రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. దాని గొప్ప దానిది, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. గుంటూరు కాయ చేయాల్సిన పని దానికి అప్పజెప్పడమే అన్యాయం. కోడికూర నిప్పులా ఎర్రగా వస్తుంది. భయపడి నీళ్ల గ్లాసు దగ్గరికి లాక్కుంటాం. తీరా ముద్ద నోట్లో పెడితే, పెళ్లిచూపులకొచ్చిన పిల్లాడిలా కిక్కురుమనకుండా కూర్చుంటుంది. ఒకచోట ఉండబట్టలేక అడిగాను. "ఆంధ్రా స్టైలే సార్, పైన ఎండుమిరపకాయ పెట్టాం కదా" అన్నాడు వడ్డించే అబ్బాయి. పెట్టారు. బొట్టు పెట్టినట్టు, మధ్యలో ఒకటి.

ఇక అసలు బాధ ఉగ్గాని. తమకు తెలియకపోవచ్చు కాబట్టి మనవి చేస్తాను. లావు బొరుగుల్ని నీళ్లలో ముంచి, నానీనానకముందే రెండు చేతుల్తో గట్టిగా పిండాలి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపుతో పెట్టిన తాలింపులో వేసి కలపాలి. దించేముందు పుట్నాలపొడి చల్లి నిమ్మకాయ పిండాలి. పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీ ఉండాలి. బజ్జీ లేని ఉగ్గానిని మా వైపు జ్వరమొచ్చినవాళ్లు తింటారు.

ఈ ఊళ్లో ఫోను నొక్కితే పది నిమిషాల్లో అవకాడో వస్తుంది, కొరియా నూడుల్స్ వస్తాయి. బొరుగులూ వస్తాయి కానీ భేల్‌పూరీకి పనికొచ్చే సన్నరకం. నీళ్లు తగలగానే పిడికిట్లో జావైపోతాయి. ఒక ఆదివారం ఆ జావకే తాలింపు పెట్టాను. మిర్చి ఘాటు వరండా అంతా పాకింది. ఎదురు ఫ్లాటాయన తలుపు తీసి, వరసగా తుమ్మి, "గ్యాస్ లీకయిందా?" అన్నారు. వాచ్‌మన్ మెట్లెక్కి పరుగెత్తుకొచ్చాడు. సాయంత్రానికల్లా, వంట చేసేటప్పుడు తలుపులు మూసుకోవలసిందిగా అసోసియేషన్ గ్రూపులో ప్రకటన. జావ మిగిలింది, పరువు మిగల్లేదు.

అనంతపురం ఎంతో దూరం లేదు, 200 కిలోమీటర్ల పైచిలుకు. 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రి బస్సెక్కితే తెల్లారేలోపే దిగుతాం. చీనీకాయలు వస్తున్నాయి, చెనిక్కాయలు వస్తున్నాయి, మేమూ వస్తున్నాం. ఉగ్గాని మాత్రం కొడికొండ చెక్‌పోస్టు దాటడం లేదు. అమ్మ కట్టిచ్చే ఊరగాయైనా క్షేమంగా చేరుతుందా అంటే అదీ లేదు. మొన్న బస్సులో పై అరలోని డబ్బా మూత వదులై, కింద కూర్చున్న పెద్దాయన తెల్లచొక్కా మీద నూనె కారింది. తిట్లకు సిద్ధపడ్డాను. ఆయన భుజం వాసన చూసుకొని, "ఆవపిండి బాగా పడింది. ఏ ఊరప్పా మీది?" అన్నాడు. దిగేలోపు సగం డబ్బా ఆయన టిఫిన్ క్యారియర్లోకి మారింది. చొక్కాకు అది న్యాయమైన నష్టపరిహారమే.

ఈ ఊరికి చేతకాక కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యం కరువైతే రవ్వతో ఇడ్లీ పోశామని, 1924లో మొదలైన మావళ్లి టిఫిన్ రూమ్స్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. బియ్యం లేకపోతే ఇడ్లీనే మార్చిపారేసిన నగరం, బియ్యం పుష్కలంగా ఉన్న రోజుల్లో కాస్త లావు బొరుగులు వేయించలేదా?

కాబట్టి తమకు నా విన్నపాలు:

ఒకటి. "ఆంధ్రా" అని బోర్డు పెట్టిన ప్రతి హోటల్‌నూ తనిఖీ చేయాలి. యంత్రాలు అక్కర్లేదు. రెండో ముద్దకు అధికారి ముక్కు కారితే లైసెన్సు ఇవ్వవచ్చు.

రెండు. సాంబారు బకెట్లు రెండుండాలి. బెల్లం ఉన్నదేదో, లేనిదేదో పెద్దక్షరాలతో రాయాలి.

మూడు. పీజీ హాస్టళ్లలో పప్పు అని వడ్డించేదాంట్లో పప్పు కంటికి కనిపించాలి.

కన్నడ సోదరులు అపార్థం చేసుకోవద్దు. మీ బిసిబేళెబాత్ తింటున్నాం, దావణగెరె బెణ్ణె దోసె కోసం వరసలో నిలబడుతున్నాం, సంగటి తిని పెరిగినవాళ్లం కాబట్టి మీ రాగిముద్దతో మాకు చుట్టరికమే. మీ వంట మార్చమని అడగడం లేదు. దాన్ని మా పేరుతో అమ్మవద్దంటున్నాం, అంతే.

చివరిమాట తమకు కాదు, బెంగళూరులో కొట్టు పెట్టాలని చూస్తున్న అనంతపురం, కర్నూలు వాళ్లకు. ఇంకో బిర్యానీ హోటల్ పెట్టకండి, ఉన్నవి చాలు. పొద్దున ఏడింటికల్లా ఒక ఉగ్గాని బండి పెట్టండి. బొరుగులు మాత్రం ఊరి నుంచే తెచ్చుకోండి.

ఇట్లు,
తమ విధేయుడు,
బజ్జీ కోసం ఎదురుచూస్తున్న ఒక అనంతపురం వాసి