రిమార్కుల గడి

తెనాలిలో మేష్టారింటి ముందుగదిలో కుర్చీలు తక్కువ, బీరువాలు ఎక్కువ. ఆ బీరువాల నిండా నాటక పద్యాల గ్రామఫోను రికార్డులే. వెయ్యి దాటి చాలా కాలమైంది. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే బరువుకు కిందివి పగులుతాయని అన్నిటినీ పుస్తకాల్లా నిలబెట్టారు. లక్క, రాతిపొడి, మసి కలిపి అచ్చుపోసిన ప్లేట్లవి. చెయ్యి జారితే పెంకులవుతాయి. స్పిరిటుతో తుడిస్తే లక్క కరిగి పాటే పోతుంది. అందుకని మేష్టారు మెత్తటి గుడ్డ సబ్బునీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, లేబులు తడవకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని, గాడి తిరిగిన దిక్కునే తుడుస్తారు. ఉక్కు ముల్లు ఒక్క వైపుకే. రెండో వైపు తిప్పితే కొత్త ముల్లు బిగించాల్సిందే. ఈ పనంతా ఆయన చేస్తుంటే పక్కన కూర్చుని చూడటం నాకు చాలా ఇష్టం.

కపిలవాయి రామనాథశాస్త్రి, డి.వి. సుబ్బారావు వంటివాళ్ళ రికార్డులు వెతికితే ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. పద్యనాటకం మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళు వాటిని పోనివ్వలేదు. మేష్టారి ఆరాటమంతా ఒకటో రెండో రికార్డులిచ్చి, ఆ తర్వాత పత్తా లేకుండా పోయినవాళ్ళ కోసం. రంగస్థలం మీద వన్స్‌మోర్లు కొట్టించుకుంటూ పావుగంట రాగం తీసే మనిషి రికార్డింగు గదిలోకొస్తే ఒక వైపు మూడు నిమిషాల్లో ముగించాలి. ఆ ఇరుకులో కొందరు చేసిన పని వింటే ఒళ్ళు పులకరిస్తుంది. పద్యం నాలుగో పాదం దాకా మామూలుగా నడిపించి, చివరి మాట దగ్గర మాత్రం ఒక్క గమకంతో ఆ పాత్ర కోపాన్నో దుఃఖాన్నో మొత్తం మన ముందు పెట్టేస్తారు. అలాంటివాళ్ళ పేర్లు ఏ నాటక చరిత్రలోనూ ఉండవు. ఒక తరం చెవుల్లో ఉండి, ఆ తరంతోనే పోయారు. వాళ్ళను మళ్ళీ మన చెవుల్లో వేయడం కన్నా పెద్ద పని ఏముంటుందని మేష్టారి వాదన. నేనూ అదే అంటాను.

సేకరణ పెరిగేకొద్దీ సర్దడమే పెద్ద పరీక్షయింది. మొదట గాయకుల పేర్ల వరసన పెట్టారు. ఒకే రికార్డు మీద కృష్ణుడొకరు, అర్జునుడొకరు పాడిన చోట ఆ వరస చెడింది. తర్వాత నాటకాల వారీగా, సీన్ల వారీగా మార్చారు. పడక సీనుకొక అర, కాటి సీనుకొక అర. ఒక వైపు పాండవోద్యోగం, రెండో వైపు చింతామణి ఉన్న ప్లేటు ఎక్కడ పెట్టాలో తేలక అదీ వదిలేశారు. ఆఖరికి వచ్చినదానికి వచ్చినట్టు అంకె వేసి అరలో పెట్టడం, మిగతా వివరమంతా రిజిస్టరులో రాయడం. అదే నిలబడింది. అడ్డంగా తిప్పి గీతలు గీసిన పెద్ద రిజిస్టరు అది. కంపెనీ, రికార్డు నంబరు, లేబులు చుట్టూ గాడి లేని చోట గీరి ఉండే మాట్రిక్స్ నంబరు, నాటకం, పద్యం ఎత్తుగడ, రాగం, గాయకుడు, స్థితి. చిట్టచివర రిమార్కులు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్క కొట్టివేత కనపడదు.

చూడటానికి ఎవరొచ్చినా మేష్టారు తప్పకుండా చెప్పే కథ ఒకటుంది. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్‌జాన్ చేత పాడించాడు. పాట అయిపోగానే ఆవిడ ఇంగ్లీషులో తన పేరు చెప్పింది. ఆ ముద్రలు జర్మనీలో హానోవర్ వెళ్ళాలి. ప్లేట్లు అచ్చయ్యేది అక్కడే. అక్కడి పనివాళ్ళకు మన భాష రాదు. ఏది ఎవరిదో తెలియడానికి పాట చివర పేరు చెప్పించేవారని అంటారు. "చూశారా," అనేవారు మేష్టారు, "కాగితం లేబులు చిరుగుతుంది, చెదలు తింటాయి. గాడిలో పడ్డ పేరు మాత్రం పోదు."

తర్వాత కంప్యూటరు కొన్నారు. రికార్డులన్నీ అందులోకి ఎక్కించడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళందరికీ అసలు ప్లేటు వేసి వినిపిస్తే గాడి అరిగిపోతుంది కదా, అది మంచి ఆలోచనే. ఎక్కించాక శుభ్రం చేసేవారు. గరగర తగ్గించడం, టకటకలు తీసేయడం. గాయకుడి గొంతు లేచేదాకా ఉన్న ముందు భాగం కత్తిరించేవారు. గొంతు ఆగాక మిగిలింది కత్తిరించేవారు. "వినేవాడికి పద్యం సూటిగా తగలాలి," అనేవారు. కత్తిరించని నకలు ఒకటి విడిగా దాచమని నేనన్నాను. వెయ్యి రికార్డులకు రెండేసి నకళ్ళంటే చోటు చాలదన్నారు. శుభ్రమైనది చేతికి రాగానే మొదటిది చెరిపేసేవారు.

ఆ రోజుల్లోనే వచ్చింది ఆ ప్లేటు. తెచ్చినవాడు సైకిలు మీద పాత సామాన్లు కొనే తాత. అంతకు ముందూ అప్పుడొకటి అప్పుడొకటి తెచ్చి ఇచ్చేవాడు. పది రూపాయల దగ్గర కూడా గట్టిగా బేరమాడే మనిషి, ఆ రోజు మాత్రం మేష్టారు ఎంతిస్తే అంత పుచ్చుకుని, ప్లేటును గుడ్డలోంచి తీసి రెండు చేతులతో ఇచ్చాడు. "జాగ్రత్తండీ, పగులుంది," అని గుమ్మం దిగాడు.

అంచు నుంచి లేబులు దాకా వెంట్రుకవాసి పగులు. లేబులు సగం చెదలు తినేసింది. నాటకం పేరు మిగిలింది, పాడినవాడి పేరు పోయింది. ముల్లు పెట్టగానే మేము కదలకుండా ఉండిపోయాం. ఎవరో తెలియదు. మోహన రాగంలో కృష్ణుడి పద్యం. కేక లేదు, సవాలు లేదు. రాయబారానికొచ్చినవాడు యుద్ధం తప్పదని ముందే తెలిసి మాట్లాడితే ఎలా ఉంటుందో అలా ఉంది ఆ గొంతు. హార్మోనియం మంద్రంలో పట్టిన శ్రుతి కూడా స్పష్టంగా వినపడుతోంది. కొమ్ములోకి పాడించిన కాలంలో అది అంత బాగా పడేది కాదు. మైకు పెట్టి రికార్డు చెయ్యడం 1925 తర్వాతి సంగతి కాబట్టి, ఇది ఆ తర్వాతిదేనని మేష్టారు తేల్చారు.

పగులు మీదుగా ముల్లు పోయినప్పుడల్లా ఒక టక్కు. నిమిషానికి 78 చుట్లు, మూడు నిమిషాలకు 234 టక్కులు. మేష్టారు రాత్రిళ్ళు కూర్చుని ఒక్కొక్కటే వెతికి తీశారు. అంత ఓపిక నేను ఇంకెవరి దగ్గరా చూడలేదు. ఆ తర్వాత ప్లేటు కవరులో పెడుతుండగా పగులు విచ్చుకుని మూడు ముక్కలైంది. లేబులు చుట్టూ ఉన్న గాడి పెంకులు పెంకులుగా రాలింది. ముక్కల్ని కాగితంలో చుట్టి అరలో పెట్టారు. "ప్లేటు పోయినా పద్యం దక్కింది," అన్నారు. రిజిస్టరులో గాయకుడి గడిలో పెన్సిలుతో ప్రశ్నార్థకం వేశారు. తెలిసినవాళ్ళందరికీ ఆ పద్యం వినిపించి అడిగారు. ఎవరూ చెప్పలేకపోయారు.

చాన్నాళ్ళకు తాత మళ్ళీ వచ్చాడు. సైకిలు లేదు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, మనవణ్ణి వెంటపెట్టుకొచ్చాడు.

"ఆ పగుళ్ళ ప్లేటు ఒకసారి వినిపిస్తారా మేష్టారూ? మావాడికి వినిపిద్దామని."

"ఏమయ్యా, నీ దగ్గరున్నప్పుడు వినలేదా?"

"పెట్టె ఎప్పుడో అమ్మేసుకున్నామండీ. ప్లేటుంటే ఏం లాభం, మోగించేదేది? మీ చేతుల్లో పెడితే పదికాలాలపాటు మోగుద్దని ఇచ్చా."

"అయితే ఇది మీ ఇంట్లోదా? పాడినదెవరో తెలుసా?"

తాత తడుముకోకుండా చెప్పాడు. పేరు, ఊరు, ఏ సమాజంలో కృష్ణుడి వేషం కట్టేవాడో, రికార్డుకు ఏ రైల్లో మద్రాసు వెళ్ళారో కూడా చెప్పాడు. మేష్టారి ముఖం వెలిగిపోయింది. అప్పటికప్పుడు రిజిస్టరు తీసి, ప్రశ్నార్థకం చెరిపి, పెన్నుతో ఆ పేరు రాశారు. పెన్ను మూయకుండానే కంప్యూటరు దగ్గరికెళ్ళి పద్యం పెట్టారు.

ఒక్క టక్కు లేకుండా మోగింది. తాత కళ్ళు మూసుకుని, ఒళ్ళో వేళ్ళు కదిలిస్తూ విన్నాడు. ఆ వేళ్ళు గొంతుతో పోవడం లేదు, గొంతు ఊపిరి తీసుకునే సందుల్లో కదులుతున్నాయి. నాలుగో పాదం వచ్చేసరికి మనవడి భుజం మీద చెయ్యి వేశాడు. పద్యం అయింది. తాత చెయ్యి తియ్యలేదు. ఇంకా వింటున్నట్టే ఉన్నాడు.

"ఆగిపోయినట్టుందండీ."

"అయిపోయిందయ్యా. అంతే."

"ఇంకా ఉందండీ. పద్యం అయ్యాక హార్మోనియం ఒక్కటే మోహనను ఒక చుట్టు చుట్టొస్తది. అది మా నాయన. అప్పుడు ఆయన పాట పక్కన పెట్టి, భళా అని మా నాయన్ని పేరు పెట్టి పిలుస్తాడు. లేబులు మీద హార్మోనిస్టు పేరు వెయ్యలేదని ఆయనకు మనసు కష్టమై, కావాలనే అలా పిలిచాడంట. మా నాయన చెప్పి చెప్పి ఏడ్చేవాడు. వీడికి ఆ పేరే పెట్టుకున్నామండీ. ఆయన నోట వినిపిద్దామని తెచ్చా."

మేష్టారు మాట్లాడలేదు. గాయకుడి పేరు తడి ఆరాలని రిజిస్టరు అలాగే తెరిచి పెట్టి ఉంది. చదువు నేర్చిన ఉత్సాహంలో ఉన్న పిల్లవాడు ముందుకు వంగి, ఆ వరస మీద వేలు పెట్టి, ఒక్కో గడే దాటుకుంటూ రిమార్కుల దాకా వచ్చి, మాకందరికీ వినపడేలా చదివాడు: "చివర ఉత్త హార్మోనియం, ఎవరినో పిలిచిన కేక. అనవసరం. తీసేశాను."