ఏరు లేని ఊళ్లో పడవ పరీక్ష

మాదాపూర్‌లో పడవ ఎక్కాలంటే దుర్గం చెరువుకే పోవాలి. చెరువన్నాక నీళ్లు నిలకడగా ఉంటాయి. ప్రవాహ వేగం సున్నా. అయినా ఈ ఐటీ కారిడార్‌లో చాలా కంపెనీల గేటు దాటాలంటే ముందు ఒక నది దాటాలి. 'ఒక పడవ ప్రవాహానికి ఎదురుగా 24 కిలోమీటర్లు 3 గంటల్లో, ప్రవాహంతో పాటు అదే దూరం 2 గంటల్లో వెళ్లింది. నిశ్చల జలంలో పడవ వేగమెంత?' చెప్పు, లోపలికి రా. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి అందులో ఏ ఇంజినీరుకూ తెడ్డు వేయాల్సిన అవసరం పడలేదు. పడవ ప్రశ్న మాత్రం ఠంచనుగా వస్తూనే ఉంది.

"లాజికల్ థింకింగ్ చూస్తామండీ" అంటారు హెచ్‌ఆర్ వారు. చూస్తే సంతోషమే. కాకపోతే వారికంటే ముందే అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు చూసేశాయి. కూడి సగం చేస్తే పడవ, తీసి సగం చేస్తే ప్రవాహం. ఎనిమిదీ పన్నెండూ ఇరవై, సగం పది. ఆప్షన్ బి. అరనిమిషం కూడా పట్టలేదు, నెక్స్ట్! ఈ మంత్రం పఠించిన కుర్రాడి బుర్రలో పడవా ఉండదు, నీళ్లూ ఉండవు.

అనుమానముంటే ఆ కుర్రాణ్ణే, రానూపోనూ సగటు వేగమెంత నాయనా అని అడగండి. తడుముకోకుండా పది అంటాడు. 48 కిలోమీటర్లకు 5 గంటలు పట్టింది కదా, 9.6 కావాలి. నిలకడ నీళ్లలో అయితే ఈ ప్రయాణం 4 గంటల 48 నిమిషాల్లో తేలిపోయేది. పోయేటప్పుడు ఏరు తీసుకున్నది వచ్చేటప్పుడు పూర్తిగా ఇవ్వదు; ఎదురీదే సేపు ఎక్కువ, వాలులో సాగే సేపు తక్కువ. 1887లో మైకెల్సన్, మోర్లీ ఈ లెక్కనే కాంతికి పెట్టి, విశ్వమంతా నిండి ఉందనుకున్న ఈథర్ కోసం వెతికారు. దాని ప్రవాహం జాడే దొరకలేదు, భౌతికశాస్త్రం దారి మారింది. అంతటి లెక్కను మనవాళ్లు ఫ్రెషర్లను వడపోసే జల్లెడ చేశారు.

ఇంకో ప్రశ్న ఉంది. ఏటికి ఎదురు వెళ్తున్న పడవలోంచి టోపీ నీళ్లలో పడింది. పావుగంట తర్వాత చూసుకుని పడవ వెంటనే వెనక్కి తిరిగింది. పడిన చోటుకి కిలోమీటరు దిగువన టోపీ దొరికింది. ప్రవాహ వేగమెంత? మంత్రం వచ్చినవాళ్లు ఎక్స్, వై పెట్టుకుని రెండు పేజీలు నింపుతారు. లేదంటే "బోటు స్పీడ్ ఇవ్వలేదు సార్, క్వశ్చన్ రాంగ్" అంటారు. నీళ్ల మీద కూర్చుని చూడండి: టోపీ కదలదు. పడవ పావుగంట దూరం పోయింది, అదే వేగంతో పావుగంటలో తిరిగొచ్చింది. అరగంటలో టోపీ కిలోమీటరు కొట్టుకుపోయింది కాబట్టి ప్రవాహం గంటకు 2 కిలోమీటర్లు. పడవ వేగంతో పనే లేదు. ఆలోచన అంటే ఇది. దీనికి షార్ట్‌కట్ లేదు కాబట్టి ఏ కోచింగ్ షీట్‌లోనూ ముందు వరసలో ఉండదు.

పాపికొండల లాంచీ సరంగుకు ఈ పరీక్ష పెడితే మొదటి రౌండ్‌లోనే ఇంటికి పోతాడు. ప్రవాహం గంటకు 2 కిలోమీటర్లు అనగానే "ఎక్కడండీ? ఏ నెలలో?" అని అడుగుతాడు మరి. ఒడ్డున గోదారి వడి వేరు, నడిమధ్య వేరు. ఎగువకు పోయేటప్పుడు వీలైనంత ఒడ్డు పట్టుకుంటారు, దిగువకు నడిగోదారిలో వస్తారు. ఈ జవాబుకు ఏ, బీ, సీ, డీల్లో చోటు లేదు. నిజంగా ఎదురీదడం వచ్చినవాణ్ణి ఆపి, రానివాణ్ణి లోపలికి పంపే గేటుకు ఆప్టిట్యూడ్ అని పేరు.

కారిడార్‌లో ప్రవాహమే ఉండదని అనను. గట్టి వాన పడితే చాలు. 2023 జులై వానల్లో సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఐటీ కంపెనీలను మూడు విడతల్లో లాగవుట్ చేయించమన్నారు: ఐకియా నుంచి సైబర్ టవర్స్ దాకా ఉన్న ఆఫీసులు మధ్యాహ్నం 3 గంటలకు, ఐకియా నుంచి బయోడైవర్సిటీ, రాయదుర్గం వైపు ఉన్నవి 4:30కి, ఇలా. పడవ లెక్కల్లో ఆరితేరి ఉద్యోగం కొట్టిన వేలమంది ఉన్న చోట, ఎవరు ఎప్పుడు బయల్దేరాలో లెక్కగట్టి చెప్పింది ట్రాఫిక్ పోలీసు. ఆయనకు స్టాక్ ఆప్షన్లు ఎవరైనా ఇచ్చారో లేదో!

ఇంటర్వ్యూ ఆఖర్న "మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అంటారు కదా. జీతం, షిఫ్టు, క్యాబ్ సంగతి తర్వాత. ముందు ప్యానెల్ వారిని ఆ టోపీ లెక్క అడగండి. పెన్ను తీయకుండా చెప్పినవారుంటే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టండి. "బోటు స్పీడ్ ఎంతమ్మా?" అన్నారో, పక్క బిల్డింగ్‌లో కూడా వాకిన్ ఉందేమో చూసుకోండి.